తినని చేప వాసన

గోల్‌బజార్లో చేపల వరస గుండా నడవడం నాకు ఇష్టం. కొనడానికి కాదు. పుట్టి బుద్ధెరిగాక చేపముక్క నోట పెట్టినదాన్ని కాను. సంచిలో తోటకూర, నాలుగు వంకాయలు వేసుకుని, ఇంటికి దగ్గరి దారి ఉండగా కావాలని అటు తిరుగుతాను. కాళ్ల కింద తడి, నెత్తి మీద వేలాడే బల్బులు, నిలువు కత్తిపీటల ముందు కూర్చుని పెద్ద పెద్ద చేపల్ని ముక్కలు చేసేవాళ్లు. "దీదీ, తాజా రుయి!" అని పిలుస్తారు. నవ్వి ముందుకి సాగుతాను. ఆ వరస దాటేంతసేపూ నాకు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. అక్కడ ఎవరూ ముక్కు ఎగబీల్చి చుట్టూ చూడరు.

ఎందుకంటే నా ఒళ్లు చేప వాసన వేస్తుంది.

ఎప్పుడూ కాదు లెండి. కొన్నాళ్లు ఏమీ ఉండదు, కొన్నాళ్లు గదిలో నాకంటే ముందు నా వాసన వెళ్లి కూర్చుంటుంది. నా ముక్కుకి మాత్రం తెలియదు. ఎవరి వాసన వాళ్లకి తెలిస్తే లోకంలో సగం తగువులు ఉండవు. ఎదుటివాళ్ల మొహాలు చూసి తెలుసుకోవడం చిన్నప్పుడే నేర్చుకున్నాను. కనుబొమలు కొంచెం దగ్గరపడతాయి, మాట మధ్యలో ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు నేనే ఏదో పని ఉన్నట్టు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడేదాన్ని.

కలకత్తాకి రెండు మూడు గంటల దూరంలో ఉన్న రైల్వే ఊరు మాది, నాన్న అక్కడి ఆఫీసులో గుమాస్తా. మాది ఎర్ర ఇటుకల క్వార్టరు, ముందు ఒక కానుగ చెట్టు, వెనక పిడికెడు పెరడు. చుట్టూ బెంగాలీలు, బిహారీలు, ఒడియావాళ్లు, మాలాగే విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఉండిపోయినవాళ్లు. మా ఇంట్లో ఉల్లిపాయ కూడా మంచీ చెడూ చూసుకుని లోపలికి రావాలి. వెల్లుల్లి గుమ్మం బయటే. ఈ చట్టాలన్నీ మామ్మవి.

మామ్మ అంటే మా నాన్నకి అమ్మ. మా అమ్మకి అమ్మమ్మ కూడా. కంగారు పడకండి, నాన్న తన సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడు. మా వైపు అది మామూలే. "పిల్లని బయటికిస్తే బెంగ, ఇంట్లోకే ఇచ్చుకుంటే బెంగేటి?" అనేది మామ్మ. అలా ఆవిడ నాకు రెండు వైపుల నుంచీ పెద్దది. తప్పించుకోడానికి మూడో వైపు లేదు.

ముద్దు పెట్టుకోవడం ఆవిడకి రాదు. దాని బదులు ఇంకో అలవాటు ఉండేది. పిల్లల తల దగ్గరికి లాక్కుని, నడినెత్తి మీద ముక్కు ఆనించి, కళ్లు మూసుకుని ఒక్కసారి గట్టిగా పీల్చేది. వేసవిలో విశాఖపట్నం నుంచి పెదనాన్న పిల్లలు రైలు దిగి రాగానే కాళ్లు కడుక్కోకముందే అందరూ వరసగా ఆవిడ ముందు వంగాల్సిందే. పీల్చాక తీర్పు చెప్పేది. "ఈడు అచ్చం వాళ్ల తాతే." "దీనిది వాళ్లమ్మ వైపు." మొహాలు చూసి పోలికలు చెప్పేవాళ్లు అందరిళ్లలో ఉంటారు, మామ్మ వాసన చూసి చెప్పేది. మధ్యాహ్నం ఎండ వేడికి కిటికీ తలుపులు మూసేసి, గచ్చు మీద నీళ్లు చల్లి, ఆవిడ చుట్టూ మేమంతా పడుకునేవాళ్లం. దూరంగా వర్క్‌షాప్ సైరన్ కూసేది. సగం నిద్రలో నా నెత్తి మీద ఆవిడ ఊపిరి తగిలేది. నా వరకు సుఖం అంటే ఇప్పటికీ అదే.

పెద్దమనిషిని అయిన ఏడాది అది పోయింది.

ఆ వేసవిలో పెదనాన్న పిల్లలు వచ్చారు. వాళ్లతోపాటు నేనూ వరసలో నిలబడ్డాను. నేను ఏ ఊరి నుంచీ రాలేదు, అయినా ఆ ముక్కు కోసం నిలబడేదాన్ని. నా వంతు వచ్చింది. మామ్మ తల దగ్గరికి లాక్కుంది. అంతలోనే రెండు చేతులతో వెనక్కి తోసేసింది.

"సేప తిన్నావేటే?"

"తిన్నేదు మామ్మా."

"దీపం ముట్టుకుని సెప్పు."

దేవుడి గూటి ముందు దీపం కుందె మీద చెయ్యి పెట్టి తినలేదని చెప్పాను. పిల్లలందరూ చూస్తున్నారు. మామ్మ నమ్మలేదు. ఆవిడ మొహంలో కోపం కంటే భయం ఎక్కువ కనిపించింది నాకు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

అనుమానం ఎటు పోతుందో అందరికీ తెలుసు. మా పెరటి గోడకి అవతల ఒక బెంగాలీ కాకీమా, అంటే మన పిన్ని లాగా, ఉండేది. వాళ్లింట్లో రోజూ చేప. నేనేమో బడి నుంచి రాగానే పుస్తకాలు పట్టుకుని వాళ్లింటికి పరిగెత్తేదాన్ని. ఆవిడ నాకు ముడి పెట్టేది, అంటే మన మరమరాలే. వాటిలో ఆవనూనె చుక్క, పచ్చిమిర్చి, కొబ్బరి ముక్కలు. తిని ఆవిడ మంచం మీదే నిద్రపోయేదాన్ని. పెద్ద మంచం, ఎత్తుగా, చుట్టూ కట్టిన దోమతెర పగలు కూడా తీసేవాళ్లు కాదు. అందులో పడుకుంటే వెలుతురంతా తెల్లగా, మెత్తగా అయిపోయేది. నిద్ర లేచాక కాకీమా నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేది. ఒకసారి జడ వేస్తూ వేస్తూ ఆగిపోయి, నా భుజం మీద గడ్డం ఆనించి అలాగే ఉండిపోయింది.

"ఏమైంది కాకీమా?"

"నువ్వు దగ్గరుంటే మా బాపేర్ బాడీ గుర్తొస్తుంది రా," అంది. బాపేర్ బాడీ అంటే పుట్టిల్లు. వానాకాలంలో వాళ్ల నాన్న ఇంటి వెనక చెరువులో వల తీసినప్పుడు గట్టంతా ఇదే వాసన వచ్చేదట.

ఇంట్లో నన్ను తోసేసిన వాసనే ఆవిడకి పుట్టింటిని తెచ్చిపెట్టింది. నాకు పట్టరాని సంతోషం కలిగింది. వెంటనే మామ్మ మీద ఒళ్లు మండిపోయింది కూడా.

మామ్మ ఊరుకోలేదు. కాకీమా ఇంటికి వెళ్లడం మాన్పించింది. నేను దేవుడి గూటి దగ్గరికి వెళ్లకూడదు, ఆవకాయ జాడీ ముట్టకూడదు. ఇక నా ఒంట్లో చేరిన మైలని వదిలించాలని శుద్ధి మొదలుపెట్టింది. పొద్దున్న సున్నిపిండి స్నానం. మధ్యాహ్నం కంచం నిండా ముద్దపప్పు, పైన నెయ్యి. సాయంత్రం నానబెట్టిన సెనగలు. రాత్రి పెసరకట్టు. ఆదివారం ఉలవచారు. "పప్పు కన్నా సాత్వికం ఏటుంది?" అని దగ్గర కూర్చుని తినిపించేది. నేను ఆకలితో కాదు, కసితో తినేదాన్ని. నా నిజం ఈ పప్పుతోనైనా తేలుతుందని. వాసన తగ్గకపోగా పెరిగింది. పెరిగేకొద్దీ మామ్మకి అనుమానం గట్టిపడేది. ఇంత శుద్ధి చేసినా పోవడం లేదంటే గుంట ఎక్కడో దొంగతనంగా తింటోందన్నమాట. దాంతో ఇంకో గరిటె పప్పు.

నా తల దువ్వేటప్పుడు అమ్మ మొహం కొంచెం పక్కకి తిప్పుకునేది. నా జడ నేనే వేసుకోవడం నేర్చుకున్నాను.

కాలేజీలో చేరాక ఒకరోజు నా పక్క అమ్మాయి ఏమీ అనకుండా పుస్తకాలు తీసుకుని వెనక బెంచీకి మారింది. ఏదైనా అనుంటే జుట్టు పట్టుకునేదాన్నే. అనలేదు. ఇంటికి వచ్చి ఇక చదవనని పడుకున్నాను. సంగతి తెలిసి మామ్మ తిన్నగా పెరట్లోకి వెళ్లి, గోడ మీదుగా కాకీమాని పిలిచి, వచ్చిన నాలుగు భాషల్లోనూ దులిపేసింది. మా పిల్లకి చేప మప్పి దాని బతుకు పాడు చేశావని.

కాకీమా పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, మా వీధిలో ఇన్నేళ్లుగా నేర్చిన తెలుగులో చెప్పింది.

"మాసీమా, మా ఇంటి చేప తింటే ఆవనూనె వాసన రావాలి, పసుపు వాసన రావాలి. దీని దగ్గర వచ్చేది పచ్చి వాసన. నీళ్లలోంచి అప్పుడే తీసిన వాసన. పచ్చి చేప పిల్లి తింటుంది గాని ఆడపిల్ల తింటుందా?" తరవాత అమ్మ వైపు తిరిగింది. "ఇది తిండి కాదు. ఒళ్లు. డాక్టర్‌కి చూపించు."

అమ్మ పెట్టె మీద నుంచి సంచి దించింది.

కలకత్తాలో ఒక డాక్టరమ్మ నా మాట చివరిదాకా వింది. మధ్యలో కనుబొమలు కదల్లేదు. ఏవో పరీక్షలకి పంపించి, మళ్లీ రమ్మంది. రెండోసారి వెళ్లినప్పుడు ఒక తెల్ల కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మనం తిన్న కొన్నిటి నుంచి, ముఖ్యంగా పప్పుల నుంచి, కడుపులో చేప వాసన వేసే పదార్థం ఒకటి పుడుతుందట. అందరిలోనూ పుడుతుంది. కాలేయం దాన్ని వాసన లేనిదిగా మార్చేస్తుంది. ఆ పని ఎలా చెయ్యాలో చెప్పే జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. నాకు వచ్చిన రెండూ పని చెయ్యనివే. మార్చలేని ఆ వాసన చెమటలో, ఊపిరిలో బయటికి వస్తోంది.

"మరి మా ఇద్దరికీ వాసన లేదే?" అన్నాడు నాన్న.

"మీకు చెరొకటి మంచిది ఉంది. అది చాలు."

నాన్న దాన్ని రైల్వే భాషలోకి మార్చుకున్నాడు. "డబల్ లైన్లో ఒకటి మూసేసినా రెండో దాని మీద బండ్లు నడుస్తాయి. దీనికి రెండూ మూసేశారు. అంతేనాండీ?" డాక్టరమ్మ నవ్వి అంతే అంది. మీ ఇద్దరికీ చుట్టరికం ఉందా అని అడిగింది. అమ్మ తల వంచుకుని చెప్పింది. ఒకే ఇంటి నుంచి వచ్చిన చెడ్డ జన్యువు రెండు దారుల్లో తిరిగి ఈ పిల్ల దగ్గర కలిసి ఉంటుంది, ఇందులో ఎవరి తప్పూ లేదు అంది డాక్టరమ్మ. చివర్లో పప్పులు, సెనగలు, ఉలవలు బాగా తగ్గించమంది. "నిజానికి చెరువు చేప కన్నా మీ పప్పే దీనికి ఎక్కువ చేటు."

అప్పుడు నాన్న మొహం చూసి తీరాలి. నేను పడీపడీ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. నేను తినలేదని ఇన్నాళ్లకి ఒక కాగితం మీద ఉంది.

తిరుగు లోకల్లో నాకు కిటికీ సీటు దొరికింది. కోలాఘాట్ వంతెన కింద రూప్‌నారాయణ్ నది సాయంత్రపు ఎండలో కదలనట్టే ఉంది. పాంశ్‌కురాలో ఖాళీ పూలబుట్టలతో ఆడవాళ్లు ఎక్కారు. అటూ ఇటూ చెరువులు, ఇళ్ల వెనక చెరువులు, బాతులు, నీళ్లలో మెట్లు. వీటిలో ఏదో ఒకటి కాకీమా పుట్టింటిది అయి ఉంటుందనుకుంటూ కునికాను. మెలకువ వచ్చేసరికి నా తల అమ్మ ఒళ్లో ఉంది. అమ్మ మొహం పక్కకి తిప్పుకోలేదు.

మామ్మకి అమ్మే చెప్పింది. అంతవరకూ మామ్మ ముందు అమ్మ గొంతు పెంచడం నేను వినలేదు. ఆ రోజు పెంచింది. "అది తినలేదు అమ్మమ్మా! ఎప్పుడూ తినలేదు. మనింట్లోంచే వచ్చింది దానికి!"

"మనింట్లో అలాంటిదేటీ లేదు," అంది మామ్మ. లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

తరవాత కొన్నాళ్లు ఆవిడ నాతో మాట్లాడలేదు. కానుగ చెట్టు కింద కుర్చీ వేయించుకుని కూర్చునేది. గాలివాన వచ్చే సాయంత్రాలవి. ఎర్రమట్టి లేచి ఆకాశం రాగి రంగులోకి తిరిగేది, మొదటి చుక్కలకి నేల వాసన వీధంతా నిండేది, ఆవిడ మాత్రం లేచేది కాదు. మేమే వెళ్లి తీసుకురావాలి. మధ్యమధ్య అమ్మని పిలిచి అడిగేది.

"అయితే తినకపోయినా వస్తాదేటి?"

"వస్తుంది అమ్మమ్మా."

మళ్లీ కాసేపటికి, "పుట్టుకతోనే?"

"పుట్టుకతోనే."

ఒక మధ్యాహ్నం గచ్చు మీద పడుకుని, ఎటో చూస్తూ, తనే చెప్పింది.

"మా యమ్మకీ ఇదే వాసన. మాది సముద్రం పక్క ఊరు. జాలరోళ్ల ఆడోళ్లు పెరటి గుమ్మంలోకి మజ్జిగ కోసం వొచ్చేవోరు. ఆళ్ల కాడ సేప దొంగతనంగా తింటందని ఇంటిల్లపాదీ అన్నారు. తిన్నేదని దీపం ముట్టుకుని ఏడిసింది. ఎవులూ నమ్మనేదు. పెరటి వసారాలో పడక, ఏరే కంచం. నన్ను దగ్గరికెళ్లనిచ్చేవోరు కాదు. ఒకపాలి ఎవులూ లేకుండా సూసి నన్ను పిలిచింది. రాయే, తల దువ్వుతానని." మామ్మ ఆగింది. "నేను ముక్కు మూసుకుని నిలబడ్డాను. ఎళ్లనేదు. ఆ సలికాలం జొరమొచ్చి పోయింది మా యమ్మ."



"ఇన్నేళ్లూ దొంగదనే అనుకున్నాను," అంది. "ఆవిడ తిన్నేదన్నమాట."

చేత్తో తడిమి నన్ను దగ్గరికి రమ్మంది. వంగాను. నా నడినెత్తి మీద ఆవిడ ముక్కు ఆనింది. తోసేస్తుందనుకున్నాను. తొయ్యలేదు. ఒక్కసారి పీల్చి వదిలే మనిషి, పీలుస్తూనే ఉంది. నా జుట్టు తడిసింది. నాకు ఆవిడ మీద ఉన్న కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. నిన్నటిదాకా అదే నా అన్నం, నీళ్లు.

పథ్యం బాగా పనిచేసింది. అమ్మ పప్పు చెంచాతో కొలిచి వడ్డించేది, ఇంట్లో సెనగలు కనపడకుండా దాచేసింది. వాసన తగ్గిపోయింది. కాలేజీలో బెంచీలు మారేవాళ్లు లేరు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఒక్క మామ్మ తప్ప. రోజూ నన్ను వంగమని, నెత్తంతా వెతికి, "రానేదే" అని చిన్నబుచ్చుకునేది. అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు తన కంచంలోంచి నా కంచంలోకి పప్పు తోసేది. "ఒక్క ముద్దే. మీ యమ్మకి సెప్పకు." మైల వదలాలని పప్పు తినిపించిన చెయ్యే అది. అందుకే నాకు నవ్వొచ్చేది. తినేదాన్ని కాను. అప్పుడప్పుడే బతుకు తెరిపిన పడుతోంది మరి.

రెండేళ్ల తరవాత కాబోలు, మామ్మ మంచం పట్టింది. మనుషుల్ని పోల్చుకోవడం మానేసింది. నాన్నని ఎవరు బాబూ నువ్వని అడిగింది. దగ్గరికి వెళ్తే ముక్కు ఎగబీల్చి, తనకి కావలసింది దొరక్క మొహం గోడ వైపు తిప్పుకునేది.

అది చూసి ఒకరోజు నేను కంచం ముందు కూర్చుని ముద్దపప్పు పెట్టమన్నాను. అమ్మ నా వైపు చూసింది. గిన్నె తెచ్చి నా కంచంలో వంచింది, నెయ్యి వేసింది. రాత్రి ఉలవచారు కాచింది. మర్నాడు మళ్లీ పప్పు. చిన్నప్పుడు కసితో తిన్నాను, అప్పుడు ఇష్టంగా తిన్నాను. అమ్మ దాచిన సెనగలు ఎక్కడున్నాయో నాన్న వెతికి తెచ్చాడు.

మధ్యాహ్నం కిటికీ తలుపులు మూసి, గచ్చు మీద నీళ్లు చల్లాను. మామ్మ పక్కన మంచం మీద ముడుచుకుని పడుకుని, ఆవిడ మొహం కింద నా తల పెట్టాను. గోడ అవతల కాకీమా ఇంట్లో పోపు చిటపటలాడింది. వర్క్‌షాప్ సైరన్ కూసి ఆగింది. నాకు నిద్ర పడుతున్నట్టే ఉంది, ఎక్కడో నీళ్ల మీద ఉన్నట్టు.

నెత్తి మీద ఊపిరి కదిలింది. ఒకసారి. ఇంకోసారి, గట్టిగా.

"అమ్మా," అంది మామ్మ.

నేను కదల్లేదు.

"వొచ్చినానే అమ్మా," అంది, ఎప్పుడూ వినని చిన్నపిల్ల గొంతుతో. "తల దువ్వు."

నేను లేచి దువ్వెన తెచ్చాను.